ఏ లక్సెంబర్గ్? భౌగోళిక డేటాను కలిపిన నా అనుభవం

పీహెచ్‌డీ మూడో ఏడులో నేను తలకెత్తుకున్న పనిని ఒక్క వాక్యంలో చెప్పేయొచ్చు. మూడు చోట్ల ఉన్న స్థలాల డేటాను సెమాంటిక్ వెబ్ పద్ధతిలో ఒకదానితో ఒకటి కలపాలి. స్థలాల పేర్ల డేటాబేస్ అయిన జియోనేమ్స్‌లో కనిపించే ఊరు, వికీపీడియాకు తోడుగా ఉన్న డేటాబేస్ వికీడేటాలో ఏది, సరిహద్దు గీతలున్న మూడో డేటాసెట్‌లో ఏది అన్నది కంప్యూటర్‌కి తెలిసేలా రాయాలి. ఆరు నెలల్లో అయిపోతుందనుకున్నాను, పదహారు నెలలు పట్టింది. అందులో టూల్స్ నేర్చుకోవడానికి, కోడ్ రాయడానికి పోయింది మూడు నెలలే. మిగతా కాలమంతా ‘ఈ రెండూ ఒకటేనా?’ అన్న ప్రశ్న దగ్గరే గడిచింది. ఇదే పనిలోకి దిగబోయేవాళ్లకు పనికొస్తుందని రాస్తున్నాను.

ముందు కొంచెం నేపథ్యం. వెబ్‌లో ఉన్న సమాచారం మనుషులు చదువుకోవడానికే కాకుండా దాని అర్థం యంత్రాలకూ అందాలన్న ఆలోచనే సెమాంటిక్ వెబ్. దాన్ని 2001లో వెబ్ సృష్టికర్త టిమ్ బర్నర్స్-లీ, జేమ్స్ హెండ్లర్, ఓరా లాసిలా విస్తృతంగా పరిచయం చేశారు. మరుసటి ఏడాదే పరిశోధకుడు మాక్స్ ఎగెన్‌హోఫర్ ఈ ఆలోచనను భౌగోళిక సమాచారానికి తీసుకురావాలని వాదించారు. ఇందులో ప్రతి విషయాన్నీ మూడు ముక్కల వాక్యంగా రాస్తారు, దాన్ని ట్రిపుల్ అంటారు. ‘బెర్లిన్ – రాజధాని – జర్మనీకి’ అన్నట్టు. మన వాక్యంలో క్రియ చివర్లో వస్తుంది, ఇక్కడ మధ్యలో కూర్చుంటుంది. అలవాటు కావడానికి నాకు కొన్నాళ్లు పట్టింది. బిందువులను, గీతలను, ప్రాంతాలను ఈ పద్ధతిలో ఎలా రాయాలో, వాటి మీద ప్రశ్నలెలా వేయాలో చెప్పే జియోస్పార్కల్ ప్రమాణాన్ని 2012లో భౌగోళిక డేటాకు ప్రమాణాలు రూపొందించే సంస్థ ఓజీసీ వెలువరించింది. నా పనికి ఆధారం అదే.

మొదటి దెబ్బ అక్షాంశ రేఖాంశాల దగ్గరే తగిలింది. సోర్స్ ఫైల్లో ముందు అక్షాంశం కాలమ్, తర్వాత రేఖాంశం కాలమ్ ఉన్నాయి. నేనూ అదే వరసలో బెర్లిన్‌ను ‘పాయింట్(52.52 13.405)’ అని రాశాను. ఏ కోఆర్డినేట్ పద్ధతో విడిగా చెప్పకపోతే జియోస్పార్కల్ ముందున్న అంకెను రేఖాంశంగా తీసుకుంటుంది. చిన్నప్పటి నుంచి ‘అక్షాంశ రేఖాంశాలు’ అని జంటగా పలికిన నాలుక కదా, వరస తిరగబడుతుందన్న ఊహే రాలేదు.

తప్పు వెంటనే బయటపడలేదు. అక్షాంశం మైనస్ 90కీ 90కీ మధ్యే ఉండాలన్న తనిఖీని నా స్క్రిప్టులో ముందే పెట్టుకున్నాను. బెర్లిన్ అంకెలు తారుమారైనా అక్షాంశం 13.405 అవుతుంది, తనిఖీలో నెగ్గుతుంది. పారిస్ కూడా అంతే. టోక్యో మాత్రం పట్టుబడింది, దాని రేఖాంశం 139.69 కాబట్టి. సిడ్నీ కూడా పట్టుబడింది. తూర్పు దిక్కున దూరంగా ఉన్న ఊళ్లే తప్పులు నమోదయ్యే లాగ్ ఫైల్లో వరసగా కనిపిస్తుంటే, ఆ వరసలు సోర్స్‌లోనే పాడై ఉంటాయనుకుని వాటిని పక్కన పెట్టేశాను. అలా రెండు వారాలు పోయాయి. ఒకరోజు ఊరికే అన్ని బిందువులనూ మ్యాప్ మీద పరిచి చూశాను. బెర్లిన్ అరేబియా సముద్రంలో తేలుతోంది. పారిస్ సోమాలియా తీరానికి అవతల హిందూ మహాసముద్రంలో ఉంది. ఎర్రర్ వచ్చిన టోక్యో కంటే ఎర్రర్ రాని బెర్లిన్‌ను ముందు అనుమానించాల్సింది. అప్పటి నుంచి ప్రతి లోడ్ తర్వాత పది బిందువులు ఏరి మ్యాప్ మీద కళ్లతో చూశాకే ముందుకు వెళ్తున్నాను.

అసలు కష్టం ఆ తర్వాత మొదలైంది. రెండు రికార్డులు ఒకే వస్తువు గురించేనని చెప్పడానికి, సెమాంటిక్ వెబ్ కోసం చేసిన ఓడబ్ల్యూఎల్ అనే భాషలో ‘సేమ్ యాజ్’ అనే లింక్ ఉంది. చూడటానికి చిన్నదే, బాధ్యత మాత్రం చాలా పెద్దది. అది వేశామంటే ఒకదాని గురించి చెప్పిన ప్రతి మాటా రెండోదానికీ వర్తిస్తుంది. క కి ఖ సమానం, ఖ కి గ సమానం అంటే క కి గ కూడా సమానమే. నేను పేర్ల పోలికకు ఒక స్కోరు, బిందువుల మధ్య దూరానికి ఒక స్కోరు ఇచ్చి, రెండూ కలిపి హద్దు దాటితే ‘సేమ్ యాజ్’ వేసేలా ప్రోగ్రాం రాశాను. వేల లింకులు రాత్రికి రాత్రి వచ్చిపడ్డాయి. ఆ ఉదయం నాకు కలిగిన సంతోషం ఇంకా గుర్తుంది.

ఆ లింకులను మా గైడ్ మేడంకి చూపించాను. ఆవిడ వెతికింది ఒక్క పేరే, లక్సెంబర్గ్. విస్తీర్ణం అడిగితే రెండు జవాబులు వచ్చాయి. 2,586 చదరపు కిలోమీటర్లు ఒకటి, సుమారు 51 చదరపు కిలోమీటర్లు ఇంకొకటి. మొదటిది దేశానిది, రెండోది దాని రాజధానిది. రెంటికీ పేరు ఒకటే, దేశానికి ఇచ్చిన బిందువూ నగరానికి ఇచ్చిన బిందువూ మరీ దూరం కావు. నా ప్రోగ్రాం దేశాన్నీ నగరాన్నీ ఒకటి చేసేసింది. అక్కడితో ఆగలేదు. పక్కనే బెల్జియంలో లక్సెంబర్గ్ అనే ప్రావిన్సు ఉంది, విస్తీర్ణంలో అది ఆ దేశం కంటే పెద్దది. 1839 లండన్ ఒప్పందంతో పాత లక్సెంబర్గ్ రెండుగా చీలినప్పుడు పడమటి భాగం బెల్జియంకి వెళ్లింది. పేరు రెండు వైపులా మిగిలిపోయింది. గొలుసు లింకుల వల్ల ఆ ప్రావిన్సు కూడా వచ్చి ఇదే ముద్దలో కలిసింది.

“నువ్వు ఊళ్లను కలుపుతున్నావా, పేర్లను కలుపుతున్నావా?” అని అడిగారు మేడం.

“రెండూ ఒకటే అనుకున్నాను మేడం.”

“ఒక రెండు వందల జతలు నీ చేత్తో చూడు. ఏది ఒకటి, ఏది కాదు, ఎందుకు కాదు, కారణం పక్కన రాయి. ఆ తర్వాత ప్రోగ్రాం ముట్టుకో.”

ఆ మూడు వారాల చేతిపని ఈ పరిశోధన మొత్తానికి వెన్నెముక అయింది. జియోనేమ్స్ స్థలాలను తొమ్మిది తరగతులుగా విడదీసి, ఒక్కో దానికీ ఒక్కో అక్షరం ఇస్తుంది. పాలనా విభాగాలు ఒక తరగతి, జనావాసాలు ఇంకొకటి, నీళ్లు మరొకటి. అందుకే అక్కడ బెర్లిన్‌కు రెండు రికార్డులున్నాయి, నగరంగా ఒకటి, జర్మనీలో ఒక రాష్ట్రంగా మరొకటి. నేను మొదట్లో దీన్ని డూప్లికేట్ అనుకుని ఒకటి తీసేశాను. చేత్తో చూస్తుంటే తెలిసింది, అది డూప్లికేట్ కాదు, రెండు వేర్వేరు ఉద్దేశాలు. ‘బెర్లిన్ సందడిగా ఉంది’ అన్నప్పుడు మనం చెప్పేది ఊరి గురించి, ‘బెర్లిన్ చట్టం చేసింది’ అన్నప్పుడు పాలనా విభాగం గురించి. గీసిన సరిహద్దు రెంటికీ ఒకటే కావచ్చు, స్థలం ఒకటే కాదు.

తర్వాత నా ప్రోగ్రాంలో పేరు కంటే ముందు తరగతి చూడటం మొదలుపెట్టాను. ‘సేమ్ యాజ్’ను చాలా పొదుపుగా వాడాను. గట్టిగా చెప్పలేని చోట ఎస్‌కాస్ అనే ఇంకో పదజాలంలో ఉన్న ‘క్లోజ్ మ్యాచ్’ వేశాను, అది దగ్గరి పోలికను చెబుతుంది గానీ గుణాలన్నిటినీ కలిపేయదు. ఇంకో పని కూడా చేశాను, దీన్ని మాత్రం అందరికీ గట్టిగా సిఫార్సు చేస్తాను. వేరని తేలిన జతలకు ‘వేరు’ అని కూడా లింక్ రాసిపెట్టాను. లేకపోతే ప్రోగ్రాం మళ్లీ నడిపిన ప్రతిసారీ లక్సెంబర్గ్ దేశం, నగరం మళ్లీ జతకట్టి ఎదురొస్తాయి.

కాలం సంగతి ఇంకా చిక్కు. కజకిస్తాన్ రాజధాని 2019లో అస్తానా నుంచి నూర్-సుల్తాన్ అయింది, 2022లో మళ్లీ అస్తానా అయింది. పేరు మారింది, ఊరు కదల్లేదు. సూడాన్ కథ దీనికి తలకిందులు. 2011 జులైలో దక్షిణ సూడాన్ విడిపోయాక కూడా పేరు సూడానే, నేల మాత్రం తగ్గిపోయింది. 2010 నాటి జనాభా లెక్క, నేటి సరిహద్దు ఒకే యూఆర్ఐకి (వెబ్‌లో ఒక వస్తువుకు ఇచ్చే గుర్తింపు) తగిలిస్తే జనసాంద్రత తప్పుగా వస్తుంది. నేను సూడాన్‌కు రెండు గుర్తింపులు ఇచ్చి, ఒకదాని తర్వాత ఒకటి అని కాలంతో ముడివేశాను. అన్ని దేశాలకూ ఇలా చేసే ఓపిక, సమయం నాకు లేకపోయాయి.

నా థీసిస్‌లో చివరి అధ్యాయం ‘లోపల ఉంది’, ‘తాకుతోంది’ లాంటి సంబంధాల మీద. దక్షిణాఫ్రికా లోపల ఏమున్నాయని అడిగితే జాబితాలో లెసోతో వచ్చింది. లెసోతో చుట్టూ దక్షిణాఫ్రికానే, కానీ అది 1966 నుంచి స్వతంత్ర దేశం. మ్యాప్‌లో దక్షిణాఫ్రికా ఆకారంలో ఆ చోట ఒక రంధ్రం ఉండాలి. పాలిగన్ (ప్రాంతపు ఆకారం) రాసేటప్పుడు మొదటి వలయం బయటి గీత, తర్వాతి వలయాలు రంధ్రాలు. నా పాత స్క్రిప్టు మొదటి వలయం రాసి ఊరుకుంది. కోడ్‌లో ఒక్క లూప్ లేకపోవడం వల్ల ఒక దేశం ఇంకో దేశంలో భాగమైపోయింది. ఆ తప్పు నన్ను మిగతా అన్నిటికంటే ఎక్కువ కలవరపెట్టింది. అప్పుడే రేఖాగణితం చెప్పే ‘లోపల’నూ, పాలనాపరమైన ‘భాగం’నూ రెండు వేర్వేరు ప్రాపర్టీలుగా, అంటే సంబంధాలుగా, విడగొట్టాను.

రంధ్రం పెట్టాక లెసోతో ఆ జాబితాలోంచి పోయింది. అయితే దక్షిణాఫ్రికాను తాకే దేశాలేవని అడిగితే జవాబు ఖాళీ. రెండు దేశాల ఉమ్మడి సరిహద్దును విడివిడిగా గీయడం వల్ల అంకెల్లో ఆరో దశాంశ స్థానం దగ్గర తేడా ఉంది. కొన్నిచోట్ల సందు, కొన్నిచోట్ల గీత మీద గీత. ‘తాకుతోంది’ అనడానికి అంచులు మాత్రమే కలవాలి, వెంట్రుకవాసి లోపలికి వెళ్లినా ఒప్పుకోదు. ఉమ్మడి సరిహద్దులను ఒకే గీతకు సర్దడానికి ఇంకో నెల పట్టింది. ఆ పని అయిన రోజు అదే ప్రశ్న మళ్లీ వేశాను. ఆరు వరసలు వచ్చాయి. నమీబియా, బోట్స్వానా, జింబాబ్వే, మొజాంబిక్, ఎస్వాటిని, లెసోతో.