ఐఈఎల్‌టీఎస్ సాధన: తప్పుల పుస్తకం చెబుతున్న లెక్క

ఐఈఎల్‌టీఎస్ అంటే ఇంగ్లిష్ స్థాయిని కొలిచే అంతర్జాతీయ పరీక్ష, చాలామంది వీసా కోసమో విదేశాల్లో చదువు కోసమో రాస్తారు. నాకు వీసా అవసరం లేదు, విదేశీ విశ్వవిద్యాలయంలో సీటూ అక్కర్లేదు. డిగ్రీ దాకా తెలుగు మాధ్యమంలో చదివి, ఆ తర్వాత రోజంతా ఇంగ్లిష్ ఫైళ్లతో పనిచేసే నాలాంటివాళ్లకు తమ ఇంగ్లిష్ ఏ స్థాయిలో ఉందో కచ్చితంగా చెప్పేవాళ్లు దొరకరు. ఐఈఎల్‌టీఎస్ చెబుతుంది. వినడం, చదవడం, రాయడం, మాట్లాడడం, ఈ నాలుగింటికీ విడివిడిగా బ్యాండ్ అనే స్కోరు ఇస్తుంది. గరిష్ఠం 9. సంక్రాంతి తర్వాత ఈ సాధన మొదలుపెట్టాను. ఆఫీసు నుంచి ఇంటికొచ్చాక నాకు అన్నిటికన్నా ఇష్టమైన పని ఇప్పుడు ఇదే.

నా లక్ష్యం 7. మొత్తం బ్యాండ్ అంటే నాలుగు విభాగాల సగటు. సగటు పావు దగ్గర ఆగితే పైనున్న అర బ్యాండ్‌కు, ముప్పావు దగ్గర ఆగితే పైనున్న పూర్తి బ్యాండ్‌కు పెంచుతారు. లిజనింగ్‌లో 7.5, రీడింగ్‌లో 7, స్పీకింగ్‌లో 6.5, రైటింగ్‌లో 6 వస్తే సగటు 6.75, చేతికొచ్చేది 7. ఈ లెక్క నోటుబుక్కు మొదటి పేజీలో రాసి పెట్టుకున్నాను. మిగతా పేజీలన్నీ తప్పులకే. నమూనా పరీక్ష రాయడానికి పట్టే సమయం కంటే దాన్ని దిద్దుకోవడానికి నేను ఎక్కువ సమయం ఇస్తున్నాను. నా మార్కులు కదిలింది దానివల్లే.

లిజనింగ్‌లో అది బాగా కనబడింది. నాలుగు భాగాలు, 40 ప్రశ్నలు, దాదాపు అరగంట. రికార్డింగ్ ఒక్కసారే వినిపిస్తారు. బ్రిటిష్, ఆస్ట్రేలియన్, అమెరికన్ ఉచ్చారణలు ఏవైనా రావచ్చు. మొదట్లో 24 దగ్గర ఉండేవాడిని, ఇప్పుడు 31, 32 వస్తున్నాయి. 30 దాటితే సుమారుగా బ్యాండ్ 7. ప్రతి తప్పు పక్కన దాని కారణం రాయడం మొదలుపెట్టాక ఒక సంగతి తేలింది: అర్థం కాక పోగొట్టుకున్న మార్కులు తక్కువే. ఎక్కువ భాగం బహువచనం దగ్గర పోయినవి. తెలుగులో ‘లు’ ఒక పూర్తి అక్షరంగా పలుకుతుంది, చెవి దాన్ని జారవిడవదు. ఇంగ్లిష్‌లో చివరి ‘స్’ తర్వాతి మాటలో కలిసిపోతుంది. ‘బుక్స్’ అని ఉండాల్సిన చోట ‘బుక్’ అని రాస్తే మార్కు పోయినట్టే. తర్వాతి స్థానం అంకెలది. థర్టీన్‌లో ఊనిక చివరి భాగం మీద పడుతుంది, థర్టీలో మొదటి భాగం మీద. మనం మాట్లాడేటప్పుడు రెండింటినీ దాదాపు ఒకేలా పలుకుతాం కాబట్టి వినేటప్పుడూ తేడా పట్టుకోం.

దీనికి మందు డిక్టేషన్. బడిలో రాసిన డిక్టేషనే. రెండు నిమిషాల రికార్డింగ్ తీసుకుని, ఒక్కో వాక్యం దగ్గర ఆపి, విన్నది విన్నట్టు పూర్తిగా రాస్తాను. నమూనా పరీక్షల పుస్తకం వెనక ఉన్న ఆ రికార్డింగ్ పాఠంతో పోల్చి, తప్పిన చోట మళ్లీ విని, అదే వేగంతో పైకి చెబుతాను. రోజుకు రెండు నిమిషాల రికార్డింగ్ చాలు. అంతకుమించి చేస్తే శ్రద్ధ తగ్గుతోంది.

రీడింగ్‌లో గంటలో మూడు వ్యాసాలు, 40 ప్రశ్నలు. వేగం పెద్ద ఇబ్బంది కాలేదు. ఒక రకం ప్రశ్న మాత్రం చాలాకాలం ఏడిపించింది: ఇచ్చిన వాక్యం నిజమా, అబద్ధమా, లేక వ్యాసంలో ఆ సంగతే లేదా అని తేల్చాలి. మూడో జవాబు దగ్గరే అందరూ తడబడతారు, ఎందుకంటే మనకు ముందే తెలిసిన విషయం అడ్డుపడుతుంది. అందుకే బాగా తెలిసిన విషయం మీదే సాధన చేశాను. మాది రాజమహేంద్రవరం. ధవళేశ్వరం ఆనకట్ట గురించి ఇంగ్లిష్‌లో ఒక పేరా రాసుకున్నాను: సర్ ఆర్థర్ కాటన్ ఆధ్వర్యంలో 1847లో పని మొదలై 1852లో పూర్తయిందని. దాని కింద మూడు ప్రశ్నలు. కాటన్ ఆధ్వర్యంలో కట్టారా? నిజం. 1850కి ముందే పూర్తయిందా? అబద్ధం. ఆనకట్ట వల్ల డెల్టాలో వరి సాగు పెరిగిందా? గోదావరి జిల్లాల్లో పుట్టినవాళ్లెవరైనా వెంటనే నిజం అంటారు. కానీ నా పేరాలో ఆ మాట లేదు కాబట్టి జవాబు మూడోదే. ఇలా సొంతంగా ప్రశ్నలు తయారుచేసుకోవడం వల్ల, ప్రశ్న రాసేవాళ్లు ఎక్కడ గాలం వేస్తారో తెలిసింది. ఎవరికైనా ఇది గట్టిగా చెబుతాను: పదో నమూనా పరీక్ష రాసే బదులు మీరే పది ప్రశ్నలు రాసి చూడండి.

రైటింగ్ ఇంకా బరువుగానే ఉంది. గంటలో రెండు రచనలు. టాస్క్ 1లో, నేను ఎంచుకున్న అకడమిక్ రకం పరీక్షలో అయితే, గ్రాఫు, పట్టిక, మ్యాపు లాంటివి చూసి కనీసం 150 పదాలు రాయాలి. టాస్క్ 2 వ్యాసం, కనీసం 250 పదాలు. రెండో దానికి రెట్టింపు విలువ, అందుకే దానికి 40 నిమిషాలు కేటాయిస్తున్నాను. నేను పరీక్ష కంప్యూటర్‌లో రాస్తాను. అక్కడ పదాల లెక్క తెరమీద కనబడుతుంది కానీ అక్షరదోషాలు ఎత్తిచూపే సౌకర్యం ఉండదు. ఇంట్లో కూడా దాన్ని ఆపేసే టైపు చేస్తున్నాను. రాసిన వ్యాసాన్ని అదేరోజు దిద్దను. మర్నాడు ప్రింటు తీసి, ఒక్కసారికి ఒక్క రకం తప్పు కోసమే చదువుతాను. ఈ విడత ఆర్టికల్స్, అంటే నామవాచకాల ముందు వచ్చే ‘ఎ’, ‘యాన్’, ‘ద’. తెలుగులో అవి లేవు కాబట్టి చెయ్యి వాటిని సహజంగా రాయదు. నగరాల్లో బస్సుల మీద రాసిన ఒక పేరాలో ‘గవర్నమెంట్’ అన్న ప్రతి చోటా ముందు ‘ద’ లేదు. ఎర్ర సున్నాలు చుట్టి చూస్తే పేజీ నిండిపోయింది. గత నెల వ్యాసాల్లో ఆ సున్నాలు సగానికి తగ్గాయి.

కోచింగుల్లో ఇచ్చే రెడీమేడ్ వాక్యాలు బట్టీ పట్టడం నాకు సమ్మతం కాదు. బట్టీ వాక్యాలను ఎగ్జామినర్లు ఇట్టే గుర్తుపడతారు, వాటికి మార్కులూ రావు. అన్నిటికీ మించి, ఇంత కష్టపడేది నా ఇంగ్లిష్‌ను కొలుచుకోవడానికి.

స్పీకింగ్ 11 నుంచి 14 నిమిషాలు. నడిమి భాగంలో ఒక అంశం ఇస్తారు, నిమిషం ఆలోచించుకుని రెండు నిమిషాల దాకా మాట్లాడాలి. మా వీధిలో ఉండే విశ్రాంత ఇంగ్లిష్ మాస్టారు ఆదివారాలు నా చేత మాట్లాడిస్తున్నారు. ‘మధ్యలో ఆపనండీ, ముందు పూర్తి చెయ్యండి’ అంటారు, ఫోనులో రికార్డు చేసి తర్వాత వినిపిస్తారు. తెలుగు యాసకు మార్కులు తగ్గించరు, మాట స్పష్టంగా అందితే చాలు. నా రికార్డింగుల్లో స్పష్టతను చెడగొడుతున్నది పదాల చివర నేను చేరుస్తున్న అచ్చు: ‘హ్యాండ్’ నా నోట ‘హ్యాండు’ అవుతోంది. మాస్టారు అలాంటి పదాలతో ఒక పట్టిక ఇచ్చారు, పొద్దున నడకలో చదువుకుంటున్నాను.

ఇంకా తేదీ తీసుకోలేదు. ఫలితం రెండేళ్లే చెల్లుతుంది, నాకు తొందరా లేదు. పాస్‌పోర్టు మాత్రం ముందే రెన్యువల్‌కు పెట్టాను, ఎందుకంటే దరఖాస్తులో ఇచ్చిన పాస్‌పోర్టునే పరీక్షరోజు చూపించాలి. మాస్టారు దిద్దిన వ్యాసాలు వరుసగా 6.5 దగ్గర నిలబడ్డాక విజయవాడలో స్లాట్ బుక్ చేస్తాను. ఆర్టికల్స్ సంగతి ఒక కొలిక్కి వస్తోంది కాబట్టి సోమవారం నుంచి కర్తకు, క్రియకు పొంతన కుదరని వాక్యాల మీద సున్నాలు చుట్టడం మొదలు.