కడుపులో లేచే అల

రెండేళ్లపాటు అది గ్యాస్ అనుకున్నాం. కడుపులో ఏదో అలలా లేచి గొంతుదాకా వచ్చేది. వెంటనే, ఇదంతా ఇంతకుముందు ఒకసారి జరిగిపోయిందని గట్టిగా అనిపించేది. ఆపైన ఏమీ గుర్తుండదు. తేరుకునేసరికి చుట్టూ ఉన్నవారు నన్నే చూస్తుండేవారు. కింద పడలేదు, కాళ్లూ చేతులూ కొట్టుకోలేదు. అందుకే మూర్ఛ అన్న ఊహే ఎవరికీ రాలేదు.

ఒకరోజు మావారు ఫోనులో వీడియో తీశారు. న్యూరాలజిస్టు నా మాటలకన్నా దానికే ఎక్కువ విలువ ఇచ్చారు. చూపు ఒకచోట నిలిచిపోయింది, పెదవులు ఏదో నములుతున్నాయి, కుడిచేయి చీర కొంగును నలుపుతోంది. నన్ను నేను చూసుకుని సిగ్గుపడ్డాను, ఎందుకో మరి. చిన్నప్పుడు జ్వరంలో ఫిట్స్ వచ్చాయా అని అడిగితే లేదన్నాను. అమ్మను అడిగితే వచ్చాయంది. పదహారు నెలల వయసులో, అరగంట పైనే! పెళ్లి సంబంధాలు చూసే రోజుల్లో ఆ మాట దాచేశారట. హిందూ వివాహ చట్టంలో పెళ్లికి అడ్డంకిగా ఉన్న మూర్ఛ ప్రస్తావనను 1999లోనే తీసేశారు. ఆ కబురు మా బంధువులకు ఇంకా చేరలేదు.

ఎమ్మారైలో కుడి హిప్పోక్యాంపస్, అంటే మెదడులో జ్ఞాపకాలకు సంబంధించిన భాగం, కుంచించుకుపోయి కనిపించింది. కార్బమజెపైన్ అనే మూర్ఛ మందును 100 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి, వారాల తరబడి పెంచుతూ పూటకు 400 దాకా తెచ్చారు. మోతాదు పెంచినప్పుడల్లా మత్తు, తూలు, ఒకటి రెండుగా కనిపించడం. నేను లెక్కల టీచర్ని. బోర్డు మీద ఒక సరళరేఖ గీస్తే నాకు సమాంతర రేఖలు కనిపించేవి. ఈ మందుతో రక్తంలో సోడియం తగ్గుతోందేమో చూసే పరీక్షలు కూడా చేయించుకోవాలి.

నాలుగు నెలలు ప్రశాంతంగా గడిచాయి. అప్పుడు మేనకోడలి పెళ్లి వచ్చింది. ముహూర్తం రాత్రి రెండు గంటలకు. నిద్ర లేదు, మాత్రలు వేరే సంచిలో ఉండిపోయాయి, రెండు పూటలు తప్పాయి. తలంబ్రాల వేళ మొదటిసారి నిలువునా పడిపోయాను. ఎవరో చేతిలో తాళాలగుత్తి పెట్టారు. మావారు దాన్ని తీసేసి నన్ను పక్కకు తిప్పి పడుకోబెట్టారు.

డాక్టరు తిట్టలేదు, మోతాదూ పెంచలేదు. "మందు ఓడిపోలేదు, మీరు వేసుకోలేదు" అన్నారు. సరైన మందులు రెండు, తగిన మోతాదులో వాడినా ఆగకపోతేనే ఆపరేషన్ సంగతి ఆలోచించాలట.

ఇప్పటికి మూడేళ్లు. ఎనిమిదింటికి ఒకటి, మళ్లీ ఎనిమిదింటికి ఒకటి. ప్రతి సంచిలోనూ ఒక మాత్రల పట్టీ. స్కూటర్ మాత్రం ఇంకా మావారే నడుపుతున్నారు. ఎప్పుడైనా అల లేస్తుంది, గొంతు చేరకముందే దిగిపోతుంది. అప్పుడు సుద్దముక్క కింద పెట్టి బల్ల పట్టుకుని నిలబడతాను. టీచర్ లెక్క గురించి ఆలోచిస్తున్నారని పిల్లలు అనుకుంటారు.