మా ఋణస్థులు

పడుకునే ముందు పిల్లల చేత, యేసు నేర్పిన పరలోక ప్రార్థన తెలుగులోనే చెప్పిస్తాను. పెన్సిల్వేనియా వచ్చి పదమూడేళ్లయినా అది మాత్రం మార్చలేదు. 1842లో గుంటూరు వచ్చిన మిషనరీ హయ్యర్ గారిని పంపింది ఈ పెన్సిల్వేనియాలోని లూథరన్ సంఘం క్రైస్తవులే. మా తాతముత్తాతలకు ఇక్కడినుంచి వెళ్లిన ప్రార్థన తెలుగైపోయి, నాతో మళ్లీ ఇక్కడికే వచ్చిందనిపిస్తుంది.

మొన్న చలికాలంలో మా తొమ్మిదేళ్ల అమ్మాయి మధ్యలో ఆపింది. "మా ఋణస్థులను మేము క్షమించియున్న ప్రకారము అంటాం కదా, ఋణస్థులంటే ఎవరమ్మా?"

మనకు బాకీ ఉన్నవాళ్లు అన్నాను. దానికి వింతగా తోచింది. వాళ్ల బళ్లో ఒకరు సారీ అంటే ఇంకొకరు ఇట్స్ ఓకే అంటారు, అంతటితో అయిపోతుంది. పిల్లలకు ఆ మర్యాద రావాలి, కాదనను. కానీ బాకీ అంటే మనకు నిజంగా రావలసింది. దాన్ని పద్దులోంచి కొట్టేస్తే నష్టపోయేది మనమే.

మత్తయి సువార్త 18వ అధ్యాయంలోని కథ చెప్పాను. పదివేల తలాంతుల అప్పు రాజు వదిలేస్తే, ఆ దాసుడు బయటికెళ్లి నూరు దేనారాల కోసం తోటివాడి గొంతు పట్టుకుంటాడు. దేనారం అంటే ఒక రోజు కూలి. తలాంతు అంటే దాదాపు 6,000 దేనారాలు. లెక్కలంటే ప్రాణం కాబట్టి అమ్మాయి మంచం మీదే నోట్‌బుక్ తీసింది. ఒక పక్క 6 కోట్ల రోజుల కూలి, ఇంకో పక్క 100 రోజులు. ఆ సున్నాల వైపు కాసేపు చూసి, "మరి మామయ్య మనకెన్ని రోజులు బాకీ?" అంది.

నాకు నోట మాట రాలేదు. పిన్నితో నేను ఫోన్లో మాట్లాడేవన్నీ పక్క గదిలోంచి వింటూనే ఉందన్నమాట.

అమ్మానాన్నలు పోయాక గుంటూరులో ఇల్లు అన్నయ్య నాతో ఒక్క మాటైనా అనకుండా అమ్మేశాడు. వీలునామా లేదు. 1925 నాటి భారత వారసత్వ చట్టం ప్రకారం క్రైస్తవుల్లో కొడుక్కీ కూతురికీ సమాన వాటా. "అమెరికాలో ఉన్నదానికి ఇదెందుకు" అన్నాడట. డబ్బు పోయినందుకు కాదు, ఆ మాటకే నాలుగేళ్లు వాడితో మాట్లాడలేదు.

మా ఊరికి గంట దూరంలో ల్యాంకాస్టర్ కౌంటీ. 2006 అక్టోబరు 2న అక్కడి నికెల్ మైన్స్‌లో, పాతకాలపు పద్ధతుల్లోనే బతికే అమిష్ క్రైస్తవుల పిల్లలు చదివే ఒంటిగది బడిలో ఒకడు ఐదుగురు ఆడపిల్లల్ని కాల్చి చంపి తనూ కాల్చుకున్నాడు. ఆ రోజే అమిష్ వాళ్లు అతని కుటుంబాన్ని ఓదార్చడానికి వెళ్లారు. తర్వాత అతని ఖననానికీ వెళ్లారు. ఇండియా నుంచి ఎవరొచ్చినా గుర్రబ్బండ్లు చూపించడానికి అటు తీసుకెళ్లి, ఈ సంగతి కళ్లనీళ్లతో చెప్పేదాన్ని నేనే. అన్నయ్యకి ఒక్క ఫోన్ చెయ్యలేకపోయిందీ నేనే.

శనివారం రాత్రి ఎనిమిదికి చేశాను. అక్కడ ఆదివారం ఉదయం ఆరున్నర.

"బుజ్జీ, నువ్వేనా?" అన్నాడు. మోకాళ్ల నొప్పుల గురించీ, వదిన షుగర్ గురించీ చెప్పాడు. ఇంటి ఊసు ఎత్తలేదు. నేనే అన్నాను, "ఇంటి సంగతి నాకు బాధగానే ఉందన్నయ్యా. కానీ ఇక దాని గురించి నిన్ను అడగను." అవతల చాలాసేపు మాట లేదు. గేటు చప్పుడు, పాలవాడి గొంతు వినబడ్డాయి. "గుడికి టైమవుతోందమ్మా" అని పెట్టేశాడు.

"సారీ చెప్పాడా?" అంది అమ్మాయి. లేదన్నాను. "మరి ఎలా క్షమించావు?" బాకీ వాడు కట్టలేదు, నేనే కొట్టేశానని చెప్పాను. బళ్లో నిన్నెవరైనా కొడితే మాత్రం టీచరుకి చెప్పి తీరాలి, క్షమించడమంటే నోరు మూసుకోవడం కాదని కూడా చెప్పాను. అది పిల్లలకు స్పష్టంగా తెలియాలి.

ఏడు డెబ్బదుల మారులు క్షమించమని యేసు అన్నది వేర్వేరు తప్పులకేమో అనుకునేదాన్ని. పోయిన వారం పాత ఆల్బమ్‌లో ఆ ఇంటి అరుగు కనబడింది. అమ్మ కూర్చుని మల్లెలు కట్టే అరుగు. కడుపులో మళ్లీ భగ్గుమంది. ఆ రాత్రి ప్రార్థనలో ఆ వాక్యం దగ్గర నా గొంతు ఆగిపోయింది. అమ్మాయి నా వైపు చూసి, తనే మళ్లీ మొదటినుంచి అందుకుంది.