గ్రూపు కలిసినా నా ఒంట్లో రక్తం నిలవలేదు

నాది బి పాజిటివ్, ఎక్కించిందీ బి పాజిటివే, దాత రక్తాన్నీ నా రక్తాన్నీ కలిపి చూసే క్రాస్ మ్యాచ్ టెస్టు కూడా సరిపోయింది. హన్మకొండలో మా చుట్టాలు మాత్రం ఇప్పటికీ "వేరే గ్రూపు ఎక్కించి ఉంటారు" అనే అంటారు. కాదు.

గర్భసంచిలో గడ్డల వల్ల బాగా బ్లీడింగ్ అయి హిమోగ్లోబిన్ 6కి పడిపోతే ఆపరేషన్‌కు ముందు రక్తం ఎక్కించారు. అప్పుడు చలి రాలేదు, దద్దుర్లు రాలేదు. ఇంటికొచ్చాక, వారం దాటాక జ్వరం పట్టుకుంది, మూత్రం డికాషన్ రంగులో వచ్చింది, కళ్ళు పచ్చబడ్డాయి. అత్తమ్మ చూసి కామెర్లే అంది, పరకాల వైపు పసరు పోసేవాళ్ళున్నారు పోదాం పా అని బ్యాగు కూడా సర్దింది. మా ఆయన వినకుండా ఆసుపత్రికే తీసుకెళ్ళాడు, ఆ పూట ఆయన మొండితనమే నన్ను కాపాడింది.

డాక్టరమ్మ మొదట అడిగిన మాట, "కాన్పులెన్నమ్మా? ఇంతకుముందు ఎప్పుడన్నా రక్తం ఎక్కించారా?" రెండో కాన్పులో ఎక్కించారు. ఎర్రకణాలకు యాంటీబాడీలు, అంటే పరాయివాటి మీద దాడికి ఒళ్ళు తయారు చేసుకునే పదార్థాలు, అంటుకున్నాయా అని చూసే కూంబ్స్ టెస్టు పాజిటివ్ వచ్చింది, హిమోగ్లోబిన్ మళ్ళీ కిందికి జారింది, శాంపిల్ హైదరాబాద్ పంపిస్తే ఎర్రకణాల మీద ఉండే కిడ్-ఏ అనే గుర్తుకు ఎదురుగా తయారైన యాంటీబాడీ అని తేలింది.

ఏ, బి, ఓ గ్రూపుల సంగతి లాండ్‌స్టైనర్ 1901లోనే చెప్పాడు, పాజిటివా నెగటివా అని చెప్పే ఆర్‌హెచ్ 1940లో బయటపడింది, మనకు తెలిసింది అంతవరకే. ఇప్పుడు ఇలాంటి గ్రూపు వ్యవస్థలు 40కి పైనే ఉన్నాయట, కిడ్ అందులో ఒకటి. మనకు లేని గుర్తు ఉన్న ఎర్రకణాలు కడుపులో బిడ్డ నుంచో, ఎక్కించిన రక్తం నుంచో వస్తే ఒళ్ళు యాంటీబాడీ తయారు చేసుకోవచ్చు. కిడ్ యాంటీబాడీతో చిక్కేమిటంటే కొన్నాళ్ళకు టెస్టుకు కూడా దొరకనంత తగ్గిపోతుంది, అందుకే నా క్రాస్ మ్యాచ్‌లో ఏమీ కనబడలేదు. మళ్ళీ అదే గుర్తున్న రక్తం పడితే మాత్రం కొద్ది రోజుల్లోనే విపరీతంగా పెరిగి ఆ కణాలను పగలగొట్టేస్తుంది.

కిడ్నీలు దెబ్బతినకుండా సెలైన్లు పెట్టారు, మూత్రం కొలిచారు, కిడ్నీలు ఎలా ఉన్నాయో చెప్పే క్రియాటినిన్ రిపోర్టు వచ్చే దాకా అందరికీ ఒకటే టెన్షన్. కిడ్-ఏ లేని రక్తం కోసం వెతికారు గానీ ఎక్కించే అవసరం పడలేదు. ఐరన్ మాత్రలతో మెల్లగా కోలుకున్నాను.

పిల్లల్ని కన్న ఆడవాళ్ళకు రక్తం ఎక్కించే ముందు యాంటీబాడీ స్క్రీనింగ్ ప్రతిచోటా చెయ్యాలి, ఇప్పుడు అలా జరగడం లేదు. అది చేసినా నాలాంటి కేసు ఒక్కోసారి తప్పిపోతుంది. అందుకే బ్లడ్ బ్యాంకు ఇచ్చిన కార్డు పర్సులోనే పెట్టుకుంటాను, దాని ఫొటో మా బిడ్డ ఫోన్‌లోనూ ఉంది. రేపు టెస్టులో ఆ యాంటీబాడీ కనబడకపోయినా కార్డు చూసి కిడ్-ఏ లేని రక్తమే ఇస్తారు.