ఇరవై డిగ్రీల దగ్గర కొలత

మాన్యుఫ్యాక్చరింగ్ ఇంజనీరింగ్ చదివానని చెబితే, మెకానికల్‌కూ దానికీ తేడా ఏమిటని అడగనివారు అరుదు. మొదటి రెండేళ్లలో ఆ తేడా పెద్దగా కనిపించని మాట నిజమే. గణితం, ఇంజనీరింగ్ మెకానిక్స్, థర్మోడైనమిక్స్, డ్రాయింగ్ వంటివి రెండు శాఖలవారూ దాదాపు ఒకేలా చదువుతారు. ఆ తర్వాత దారులు వేరవుతాయి. ఒక షాఫ్ట్ (యంత్రంలో తిరిగే ఇరుసు) ఎంత భారం మోయాలి, ఎంత వ్యాసం ఉంటే విరగకుండా తిరుగుతుంది అన్నవి మెకానికల్ విద్యార్థిని ఎక్కువగా ఆలోచింపజేసే ప్రశ్నలైతే, ఆ షాఫ్ట్‌ను ఏ యంత్రం మీద, ఏ వరుసలో, ఎంత ఖర్చుతో చేయాలి, పదివేలు చేసినా ఏ ఒక్కటి తీసుకున్నా దాని చోట అది అమరాలంటే ఏం చేయాలి అన్నవి మా ప్రశ్నలు. అయితే ఈ తేడా నాకు సిలబస్ చదివినప్పుడు బోధపడలేదు. మూడో ఏడు మొదట్లో వర్క్‌షాప్‌లో నేను పాడుచేసిన ఒక షాఫ్ట్ వల్ల బోధపడింది.

డ్రాయింగ్‌లో 40 ఎఫ్7 అని ఉంది. అంటే వ్యాసం 39.950 మిల్లీమీటర్లకు తగ్గకూడదు, 39.975 దాటకూడదు. ఆ రెండింటి నడుమ ఉన్న చోటు 25 మైక్రాన్లు (మిల్లీమీటరులో వెయ్యో వంతు ఒక మైక్రాన్). తల వెంట్రుక మందంలో సగమో, అంతకన్నా తక్కువో. లోహాన్ని తిప్పుతూ చెక్కే లేత్ మీద ఫినిషింగ్ కట్ తీసి, యంత్రం ఆపి, జాబ్‌ను, అంటే చెక్కుతున్న ముక్కను, దాన్ని పట్టుకునే చక్‌లోంచి విప్పకుండానే మైక్రోమీటర్ పెట్టి చూస్తే 39.960 వచ్చింది. హద్దుల మధ్యలోనే ఉందని సంతోషంగా రాసుకున్నాను. ట్రేలో చెక్కిన లోహపు తునకలు ఇంకా పొగలు కక్కుతూనే ఉన్నాయి. మా ఇన్‌స్ట్రక్టర్ వచ్చి, షాఫ్ట్‌ను అరచేత్తో ఒకసారి తడిమి, "చల్లారాక మళ్లీ కొలువు బాబూ" అని చెప్పి వెళ్లిపోయారు. గంట తర్వాత కొలిస్తే 39.946. నాలుగు మైక్రాన్లు తక్కువ. వ్యాసం ఎక్కువై ఉంటే మరో కట్ తీసి సరిచేయవచ్చు గానీ, చెక్కేసిన లోహాన్ని తిరిగి అతికించే దారి లేదు.

ఉక్కు ఒక డిగ్రీ వేడెక్కితే మీటరు పొడవుకు సుమారు 11.5 మైక్రాన్లు వ్యాకోచిస్తుందని ఇంటర్మీడియట్ నాటి నుంచే తెలుసు. 40 మిల్లీమీటర్ల వ్యాసానికి లెక్క వేస్తే డిగ్రీకి అర మైక్రాన్ కన్నా కాస్త తక్కువ. నేను పోగొట్టుకున్న 14 మైక్రాన్లను బట్టి చూస్తే, మొదటిసారి కొలిచేటప్పటికి ఆ షాఫ్ట్ చల్లారిన తర్వాత ఉన్నదాని కంటే సుమారు 30 డిగ్రీలు వేడిగా ఉందన్నమాట. పరిశ్రమల్లో పొడవు కొలతలకు ప్రామాణిక ఉష్ణోగ్రత 20 డిగ్రీల సెల్సియస్ అని అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ 1951లోనే నిర్దేశించింది. అది ఆ సంస్థ వెలువరించిన మొట్టమొదటి సిఫార్సు. పరీక్ష కోసం బట్టీ పట్టిన ఆ వాక్యం ఆ రోజు నా చేతిలోకి వచ్చింది. ఉష్ణోగ్రత చెప్పకుండా మైక్రాన్లలో కొలత చెబితే దానికి అర్థం లేదు.

అదే వారం ఇంకో సందేహం పట్టుకుంది. అసలు ఎఫ్7 ఎందుకు? ఆ షాఫ్ట్ తిరగవలసిన రంధ్రం 40 హెచ్7, అంటే 40.000 నుంచి 40.025 వరకు. రెండింటి మధ్య ఖాళీ కనీసం 25, గరిష్ఠం 75 మైక్రాన్లు. నూనె పొర నిలవడానికి ఆ ఖాళీ కావాలి. డిజైన్ చేసినవారు ఎందుకైనా మంచిదని టాలరెన్స్‌ను, అంటే కొలతలో అనుమతించే తేడాను, ఇంకా బిగిస్తే లేత్ సరిపోక రాపిడితో అరగదీసే గ్రైండింగ్‌కు పంపాలి, తనిఖీ పెరుగుతుంది, తిరస్కరించే జాబ్‌లూ పెరుగుతాయి. డ్రాయింగ్ మీద ఒక చిన్న అంకె మారిస్తే షాప్‌ఫ్లోర్‌లో ఒక యంత్రమూ ఒక మనిషీ అదనంగా కావలసి వస్తారు. డిజైన్ వైపు వెళ్లే విద్యార్థులు కూడా ఈ సంగతిని కళ్లారా చూడాలని నేను గట్టిగా నమ్ముతాను.

మెటల్ కటింగ్ పాఠాల్లో నన్ను బాగా కదిలించినది టేలర్ సమీకరణం. అమెరికా ఇంజనీరు ఫ్రెడరిక్ టేలర్ 26 ఏళ్ల పాటు ప్రయోగాలు చేసి, కట్టింగ్ వేగానికీ టూల్ (లోహాన్ని చెక్కే పనిముట్టు) ఆయుష్షుకూ ఉన్న సంబంధాన్ని 1907లో ప్రచురించాడు. చూడటానికి చిన్న సూత్రమే. కానీ కార్బైడ్ అనే గట్టి పదార్థంతో చేసిన టూల్‌కు అందులోని ఘాతాంకం 0.25 అనుకుంటే, వేగం 20 శాతం పెంచినంత మాత్రాన టూల్ ఆయుష్షు సగానికి పడిపోతుంది. రెట్టింపు చేస్తే పదహారో వంతే మిగులుతుంది. నిదానంగా నడిపితే యంత్రం సమయం వృథా, తొందరపెడితే టూల్ మార్చడానికి పట్టే సమయం వృథా. తక్కువ ఖర్చుకు తగిన వేగం ఒకటి, ఎక్కువ ఉత్పత్తికి తగిన వేగం ఇంకొకటి అని తేలినప్పుడు, భౌతికశాస్త్రమూ డబ్బు లెక్కా ఒకే కాగితం మీదకు రావడం నాకు అబ్బురంగా తోచింది.

కాస్టింగ్, వెల్డింగ్, ఫార్మింగ్ గురించి విడిగా రాయాలి. ఇక్కడ ఒక్క మాట: పోత పోసినప్పుడు రైజర్ (వస్తువు కుంచించుకుపోతుంటే కరిగిన లోహాన్ని అందించే అదనపు గుంట) అన్నిటికన్నా చివర గడ్డకట్టేలా చూడకపోతే వస్తువు లోపల బోలు మిగిలిపోతుందని కోసి చూసినవారు దాన్ని మరిచిపోరు.

మా తరగతిలో చాలామంది విసుక్కున్న సబ్జెక్టు స్టాటిస్టికల్ క్వాలిటీ కంట్రోల్, అంటే గణాంకాలతో నాణ్యతను అదుపులో ఉంచడం. నా మట్టుకు నాలుగేళ్లలో అంతకన్నా విలువైనది లేదు. అమెరికా గణాంక నిపుణుడు వాల్టర్ షూహార్ట్ 1924లో రూపొందించిన కంట్రోల్ చార్ట్ (కొలతలను వరుసగా గుర్తిస్తూ, హద్దు గీతలతో పోల్చే పటం) చెప్పేది ఇదీ: ప్రతి యంత్రంలోనూ సహజమైన హెచ్చుతగ్గులు కొన్ని ఉంటాయి, ప్రత్యేక కారణం వల్ల వచ్చే తేడాలు వేరే ఉంటాయి. ల్యాబ్‌లో మేము ఒక బ్యాచ్‌ను ప్రతి జాబ్ తర్వాతా టూల్ సర్దుతూ, ఇంకో బ్యాచ్‌ను టూల్ ముట్టుకోకుండా చేశాం. అంత శ్రద్ధగా సర్దిన బ్యాచ్‌లోనే వ్యాసాలు ఎక్కువ చెదిరాయి. సహజమైన తేడాను తప్పుగా భావించి సరిదిద్దిన ప్రతిసారీ మేము కొత్త తేడాను కలుపుతూ వచ్చాం.

ఈ కోర్సులో చేరాలనుకునేవారు కళాశాలను ఎంచుకునే ముందు ఒకసారి వర్క్‌షాప్‌కు వెళ్లి, విద్యార్థి వారానికి ఎన్ని గంటలు యంత్రం దగ్గర నిలబడతాడో, ఒక్కో లేత్‌కు ఎంతమంది ఉంటారో, మెట్రాలజీ (కొలతల) ల్యాబ్‌లో ఉష్ణోగ్రతను 20 డిగ్రీల దగ్గర ఉంచుతారో లేదో అడగండి. సీఎన్‌సీ (కంప్యూటర్ ప్రోగ్రామ్‌తో నడిచే) యంత్రం ఉందని చూపిస్తే, దాని మీద ప్రోగ్రామ్ రాసి జాబ్ చేసేది విద్యార్థులేనా అన్నదీ అక్కడి సీనియర్లనే అడిగి తెలుసుకోండి.