ఎక్స్‌రేలో ఏమీ లేదు, కానీ మా చిన్నోడి ఎముకలో ఇన్ఫెక్షన్

మాది దేవరకొండ. మా చిన్నోడికి అప్పుడు ఆరేళ్లు. పిక్క మీద సెగ్గడ్డ లేచి, పగిలి, మానిపోయింది. కొన్నాళ్లకు మోకాలి కింద నొప్పి అన్నాడు, రాత్రికల్లా ఒళ్లు కాలిపోయింది, తెల్లారి కాలు కింద పెట్టనంటే పెట్టనన్నాడు. ఎక్స్‌రే తీస్తే ఏమీ లేదు. బెణికి ఉంటది, పసరు కట్టు కట్టిద్దాం అంది మా అత్తమ్మ. కానీ పిల్లల డాక్టరమ్మ మోకాలి కింద ఎముక మీద ఒక్కచోట వేలితో మెల్లగా నొక్కేసరికి వాడు కెవ్వుమన్నాడు. "ఎముకలో ఇన్ఫెక్షన్ అయితే మొదటి పదిరోజులు ఎక్స్‌రేలో కనపడకపోవచ్చమ్మా, ఆగొద్దు" అని అప్పటికప్పుడే హైదరాబాద్ పంపించారు. ఆమె రుణం తీర్చుకోలేం.

అక్కడ మందు ఎక్కించకముందే ఏ క్రిమో తెలుసుకునే కల్చర్ పరీక్షకి రక్తం తీశారు. ముందే ఏదో ఒక యాంటీబయాటిక్ పడితే క్రిమి దొరక్కపోవచ్చట, అందుకే జ్వరం రాగానే మెడికల్ షాపులో అడిగి గోలీలు మింగించే వాళ్లను చూస్తే నాకు ఇప్పుడు భయమేస్తుంది. మావాడికి స్టాఫిలోకాకస్ ఆరియస్ అనే బాక్టీరియా వచ్చింది. చాలామంది చర్మం మీద, ముక్కులో ఉండేదే, రక్తంలో కలిసి ఎముక పెరిగే చోట దిగిందన్నారు. మందులకు లొంగని మొండి రకం కాదు, సెఫజోలిన్ అనే యాంటీబయాటిక్ సూదికి లొంగింది. ఎమ్మారైలో చీము గడ్డకట్టలేదు, కీలులోకి పోలేదు కాబట్టి ఆపరేషన్ తప్పింది. పక్క బెడ్ పాపకు తుంటి కీలులో చీము చేరితే రాత్రికి రాత్రే తీశారు.

జ్వరం తగ్గి, ఒంట్లో ఇన్ఫెక్షన్, వాపు ఎంతుందో చెప్పే సీఆర్‌పీ అనే రక్తపరీక్ష అంకె బాగా పడిపోయాక సూదులు ఆపి సెఫలెక్సిన్ అనే యాంటీబయాటిక్ సిరప్ ఇచ్చి ఇంటికి పంపారు. గొంతునొప్పికి ఇచ్చే డోసు కంటే చాలా ఎక్కువ, రోజుకు నాలుగుసార్లు, మెడికల్ షాపతను చీటీ రెండుసార్లు చదివి డాక్టర్‌కి ఫోన్ చేసి మరీ ఇచ్చాడు. అంతా కలిపి మూడు నాలుగు వారాల మందు. వాడేమో ఇంటికొచ్చిన కొద్దిరోజులకే వాకిట్లో ఉరుకుతున్నాడు, చూసినవాళ్లంతా "ఇంకా ఎందుకమ్మా మందులు, వేడి చేస్తది" అనేవాళ్లు. మధ్యలో ఆపితే ఎముకలో మిగిలింది మళ్లీ లేస్తుంది, అప్పుడు నెలల తరబడి మందులు, ఆపరేషన్లు అని డాక్టర్ చెప్పింది నా చెవిలో మోగుతూనే ఉండేది. అర్ధరాత్రి అలారం పెట్టుకుని, నిద్రలో మూతి తిప్పుకునేవాణ్ని బుజ్జగించి తాగించేదాన్ని. విరేచనాలు పట్టుకున్నాయి, డాక్టర్‌నడిగి ఓఆర్‌ఎస్ ఇచ్చాం, సిరప్ మాత్రం ఆపలేదు.

ఇన్ఫెక్షన్ ఎముక పెరిగే భాగం పక్కనే వచ్చింది కాబట్టి కాలు పొడవులో తేడా రావచ్చని ఇంకా చూపించుకోమంటున్నారు. మొన్న టేపుతో రెండు కాళ్లూ కొలిచారు, సమానంగానే ఉన్నాయి.