తుప్పు పట్టించే కొలువు

"తుప్పు వదలగొట్టనీకి పోయినవా, పట్టియ్యనీకి పోయినవా?" సెలవుపై హైదరాబాదు వచ్చిన ప్రతిసారీ, బాలానగర్‌లో ముప్పై ఏళ్లు లేత్ ముందు నిలబడిన మా చిన్నాయన వేసే మొదటి ప్రశ్న ఇది. బర్మింగ్‌హామ్‌లో నేను చేసే పని 19వ శతాబ్దపు వేట తుపాకుల డమాస్కస్ గొట్టాలకు పాత పద్ధతిలో రంగు తేవడం గనుక, పట్టించడానికేనని ఒప్పుకోక తప్పదు.

డమాస్కస్ అనగానే ఆయనకు నిజామాబాదు వైపు కోనసముద్రం గుర్తుకు వస్తుంది. పారసీక వర్తకులు వెతుక్కుంటూ వచ్చి కొనుక్కుపోయిన అక్కడి మూస ఉక్కు, అంటే మట్టి మూసలో కరిగించి తీసిన ఉక్కు, డమాస్కస్ కత్తులకు పేరు తెచ్చిన మాట నిజమే. ఈ గొట్టాలు మాత్రం ఇనుప, ఉక్కు కడ్డీలను కలిపి కాల్చి, తాడులా పేని, ఒక కమ్మీ చుట్టూ చుట్టి, సమ్మెటతో అతికించినవి; పైన కనబడే మెలికలు ఆ పేనిన జాడలే.

జిడ్డంతా పోగొట్టి, రెండు కొసలకూ చెక్క బిరడాలు బిగించి, తుప్పు ద్రావణాన్ని పిండిన గుడ్డతో పలుచగా పూసి తేమ పెట్టెలో ఉంచితే, కొన్ని గంటలకు ఎర్రని నూగు లేస్తుంది. దానిని మరిగే నీళ్లలో ముంచగానే ఆ ఎరుపు కళ్లముందే నలుపెక్కుతుంది. ఎర్రని ఐరన్ ఆక్సైడు మాగ్నెటైటు అనే నల్లని ఆక్సైడుగా మారడమే ఇందులోని మర్మం. వదులుగా మిగిలిన మసిని మెత్తని తీగ బ్రష్షుతో రాల్చి, మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టాలి. ఇలా ఆరేడు విడతలు గడిచాక లోహాన్ని కొద్దిగా కొరికే పలుచని ఫెర్రిక్ క్లోరైడు ద్రావణంలో కొద్దిసేపు ముంచితే ఇనుము, ఉక్కు వేరువేరు ఛాయలుగా విడిపోతాయి.

"మా దిక్కు బ్లాకోడైజింగ్ తొట్టిల ఏస్తే అరగంట పని గదరా" అన్నారు చిన్నాయన. ఉక్కును కాగే కాస్టిక్ ద్రావణంలో ముంచి నల్లబరిచే పద్ధతి అది. జంట గొట్టాలను కలిపి ఉంచేది సీసం, తగరం కలిసిన టంకమనీ, సలసల కాగే కాస్టిక్ దానిని తినేస్తుందనీ, పైగా గొట్టాల నడుమ సందుల్లో చేరిన ఉప్పు తర్వాత లోలోపల తుప్పు రేపుతుందనీ చెప్పాక ఆయన తల పంకించారు.

ఉద్యోగంలో చేరిన కొత్తలో, నాలుగో విడత పూతకు ముందు చేతికి తొడుగు లేకుండా గొట్టాన్ని పక్కకు జరిపాను. ఉడికించి తోమేసరికి నా బొటనవేలి ముద్ర, గీతలతో సహా, మెలికల నడుమ తెల్లగా తేలింది. రంగంతా తీసేసి మళ్లీ మొదలుపెట్టవలసి వచ్చింది. ఆ వారం జీతంలో కోత కూడా పడింది, అది న్యాయమని నాకు నేటికీ తోచదు.

ఆనాటి ఫొటోను చిన్నాయన ఫోనులో పెద్దది చేసి చూశారు. వేలిముద్రను చూడనే లేదు. "చుట్టుకు చుట్టుకు నడుమ అతుకు యాడుందిరా?" అని, కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ వెతకసాగారు.